పది రోజుల్లో దిగుతుంది

ఇరవై రెండేళ్లుగా ఈ ఊరిని నిద్రపుచ్చుతున్నది నేనే. గొప్పలు కావు, ఉన్న మాటే. మా దుకాణంలో కుట్టిన పరుపు లేని వీధి ఇక్కడ లేదు. నడుం నొప్పన్నవాళ్లకి గట్టి పరుపు, మెడ పట్టేసిందన్నవాళ్లకి పల్చటి దిండు, చంటిపిల్లలకి అరచెయ్యంత దిండు, అన్నీ మా దగ్గర నుంచే వెళతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చయితే గెలిచాను గానీ ఇంట్లో ఓడిపోయాను. ఆరేళ్లుగా మా ఆయనకి కంటి మీద కునుకు లేకుండా చేసిందీ నేనే.

నా బరువు నూట పద్దెనిమిది కిలోలు. దాచుకోవడానికేం లేదు, దాస్తే దాగేదా అది. పడుకుంటే గురక, ఆ గురక మధ్యలో ఊపిరి ఆగిపోవడం. ఆ సంగతి నాకు తెలిసేది కాదు, ఆయనకి తెలిసేది. గురక ఆగగానే లేచి కూర్చుని నా భుజం మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టేవాడు. నేను గుప్పున గాలి పీల్చుకుని మళ్లీ గురక అందుకునేదాన్ని. రాత్రికి ఎన్నిసార్లు తట్టేవాడో ఆయనెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు.

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. పోయిన ఏడాది ఒక పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపేసి, ఖాళీ బస్సుతో డిపోకి తిరిగొస్తూ ఒక్క క్షణం నిద్రలోకి జారాడు. బస్సు డివైడరెక్కి దీపస్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన బస్సుని మెల్లగా డిపోకి తోలుకెళ్లి, తాళం మేనేజరు బల్ల మీద పెట్టి, "నాకు నిద్రొస్తోంది సార్, ఇంక పిల్లల్ని ఎక్కించుకోలేను" అన్నాడట. ఎందుకు నిద్ర చాలడం లేదో మాత్రం చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన పని బస్సులు కడగడం.

ఇంట్లోనూ చెప్పలేదు. అదే యూనిఫాం తొడుక్కుని అదే వేళకి వెళ్లేవాడు. సాయంత్రం వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉండేది. అడిగితే దారిలో నీళ్లు నిలిచాయనేవాడు. వాన చుక్క లేని నెలలో ఏ దారిలో నిలుస్తాయి నీళ్లు? నేను నమ్మాను. మూడు నెలలయ్యాక తోటి డ్రైవరు భార్య దిండ్ల కోసం దుకాణానికొచ్చి, "పాపం అన్నయ్యకి మళ్లీ స్టీరింగ్ ఎప్పుడిస్తారు వదినా?" అనడిగేదాకా నమ్ముతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఆయనతో పోట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని లోకానికంతా తెలుసు, ఆ రోజు మాత్రం ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్షలన్నీ చేసి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ మంచిదన్నాడు. ఆపరేషన్ అయిన మర్నాడే సన్నబడవు, అందుకు నెలలు పడుతుంది, కానీ ఇంటికెళ్లిన రోజు నుంచే వాలుగా పడుకుని గాలి మాస్కు పెట్టుకుంటే ఊపిరి ఆగదు అన్నాడు. ఆ మాస్కు రెండేళ్ల కిందట కూడా ఇచ్చాడు. నాలుగు రోజులు పెట్టుకుని ఐదో రోజు పీకి పారేశాను. నా ముక్కు మీద కోపం తప్ప ఇంకేదీ నిలవదని మా ఆయన నవ్వాడు కూడా. ఈసారి పెట్టుకుంటానని డాక్టరుకి మాటిచ్చాను.

డిపో మేనేజరు మంచివాడే. నెలాఖరున డ్రైవింగ్ పరీక్ష పెడతాను, ముందు కంటి నిండా నిద్రపోయి రా, పాసైతే నీ బస్సు నీదే, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు అని మా ఆయనతో అన్నాడట. నాకు సంగతి తెలిసిపోయిందని తెలిశాక ఆయనే చెప్పాడు. ఆసుపత్రివాళ్లు నాకిచ్చిన తేదీ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాను. పరీక్ష ఆపరేషన్‌కి పదహారో రోజున పడింది. అంటే నేను తొందరగా నిద్రలో పడాలి, నాకు కాపలా అక్కర్లేదని ఆయనకి నమ్మకం కుదరాలి, అప్పుడు గానీ ఆయన నిద్రపోడు. నాకున్నది ఆ ఒక్క పని. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్‌కి వారం ముందే నాకు నేనే వాలుదిండు కుట్టుకున్నాను. నడుం దగ్గర నాలుగు వేళ్ల మందం, తల వైపు మోచేయంత ఎత్తు. బాగా ఏకిన దూది, మందపాటి గుడ్డ, అంచులకి రెండు వరసల కుట్టు. మా దుకాణం లెక్క ప్రకారం దూది పావు వంతు ఎక్కువే కూరాను. కొత్త పరుపు గట్టిగా ఉందని కొన్నవాళ్లు ఫోన్ చేస్తే మేం చెప్పే మాట ఒకటే, పది రోజుల్లో దిగుతుంది. మా నాన్న చెప్పాడు, నేనూ చెబుతున్నాను. కుట్టడం అయ్యాక నూట పద్దెనిమిది కిలోలతో దాని మీద వాలి చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. ఆయన్ని పిలిచి చూపించి మురిసిపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్ట మీద ఐదు చిన్న కోతలు పెట్టి, లోపల సంచీలాంటి కడుపుని గొట్టంలా సన్నగా చేసి, అంచుకి లోహపు పిన్నులు కొట్టారట. కుట్టుపని తెలిసినదాన్ని కదా, బొమ్మ గీసి చూపించమని డాక్టర్ని అడిగాను. అంచు తిన్నగా ఉంది, నాకు నచ్చింది. మూడో రోజు ఇంటికి పంపేశారు.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. ఎడమ వైపు పెద్ద కోత దగ్గర ఎవరో దబ్బనం గుచ్చి లాగుతున్నట్టుంది. అది చాలదన్నట్టు భుజం కూడా నొప్పి. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం నొప్పి ఏమిటంటే, చేసేటప్పుడు లోపల గాలి నింపుతారట, మిగిలిన గాలి అలా పొడుస్తుందట, నడిస్తే పోతుందట. నడవాలంటే లేవాలి. లేవాలంటే పక్కకి ఒత్తిగిలి, కాళ్లు మంచం దింపి, మోచేతి మీద బరువేసి లేవమన్నారు. నేను పంతం కొద్దీ ఎప్పటిలా తిన్నగా లేవబోయి, కళ్లలో నీళ్లు తిరిగి, మళ్లీ పడిపోయాను.

నొప్పికి సిరప్ ఇచ్చారు, ఆరు గంటలకోసారి తాగమని. ఆయన టైముకి సిరప్ మూతలో పోసి తెచ్చేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "ఇప్పుడు తట్టుకోగలను, మరీ ఎక్కువైనప్పుడు తాగుతాను" అనేదాన్ని. మందు మిగిల్చితే ఏదో ఘనకార్యం చేసినట్టు నాకో భ్రమ.

మొదటి రాత్రి వాలుదిండు మీద పడుకున్నాను. మాస్కు పెట్టుకున్నాను. అరగంటలో జారి కిందికొచ్చేశాను. జారినప్పుడల్లా కోతలు లాగేవి, మాస్కు పక్కకి జరిగి బుస్సుమనేది. నడుం కింద దిండు పొంగి, పొట్ట విల్లులా సాగినట్టుండేది. ఎలాగోలా పైకి జరిగితే మళ్లీ జారుడే. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీరు పడుకోండి" అన్నాను మాస్కు తీసి.

"పడుకుంటాలే. నువ్వు ముందు పడుకో."

"ఇలా ఎదురుగా కూర్చుంటే నాకు నిద్రెలా వస్తుంది?"

"సరే, పక్కకి కూర్చుంటా" అని కుర్చీ రెండడుగులు జరిపాడు. మా ఆయనతో పోట్లాడటం దూదిని గుద్దడంలాంటిది, చెయ్యి లోపలికి పోతుందంతే. ఆ రాత్రీ మర్నాటి రాత్రీ అలాగే తెల్లారాయి.

ఐదో రోజు ఆసుపత్రి నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. జ్వరం ఉందా, గుండె దడగా ఉందా, వాంతులవుతున్నాయా, పిక్కలేమైనా వాచాయా అని వరసగా అడిగింది. అన్నిటికీ లేదన్నాను.

"సిరప్ ఎన్నిసార్లు తాగుతున్నారమ్మా?"

"తట్టుకోలేనప్పుడు తాగుతున్నాను."

"అంటే రోజుకి ఎన్నిసార్లు?"

"ఒకసారి. నిన్న అదీ లేదు" అన్నాను, మెచ్చుకుంటుందేమోనని.

సిస్టర్ మెచ్చుకోలేదు. మెల్లగా అంది. "తట్టుకున్నందుకు మీకెవరూ కప్పు ఇవ్వరమ్మా. నొప్పి ఉంటే మీరు నడవరు. గట్టిగా ఊపిరి తీయరు. దగ్గు వస్తే ఆపుకుంటారు. అప్పుడు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. సిరప్ ఇచ్చింది మీరు హాయిగా పడుకుని ఉండటానికి కాదు, మీ చేత ఈ పనులన్నీ చేయించడానికి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, టైముకి తాగండి. ఇంకో మాట. మోకాళ్ల నొప్పికి ఇదివరకు మాత్రలు వాడేవారు కదా, అవి ఇంట్లో ఉన్నాయా?"

"సొరుగులో ఉన్నాయి."

"వాటి జోలికి వెళ్లకండి. కొత్త కడుపులో పుండు పడుతుంది. పడుకోవడం ఎలా ఉంది మరి?"

"అది మాత్రం నన్నడక్కండి సిస్టర్. నేను పరుపులు కుట్టేదాన్ని. వాలుదిండు నేనే తయారు చేసుకున్నాను."

ఆవిడ నవ్వేసి, ఇంక అడగలేదు. డాక్టర్ల దగ్గర దాచకూడదంటారు. నేను దాచలేదు, గొప్ప చెప్పుకున్నాను. ఫలితం మాత్రం ఒకటే అయింది.

కానీ నొప్పి సంగతి బుర్రకెక్కింది. ఒక పని ఎందుకు చెయ్యాలో తెలిస్తే నేను ఆగే మనిషిని కాదు. ఆయన చేత దుకాణం నుంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తెప్పించి, బీరువా తలుపు మీద రాశాను. ఆరు, పన్నెండు, ఆరు, పన్నెండు. సిరప్ తాగగానే అడ్డగీత. మంచం నుంచి వీధి తలుపు దాకా పదకొండు అడుగులు. సిరప్ తాగిన అరగంటకి ఆ పదకొండు అడుగులు ఐదుసార్లు నడవాలి, ఒక చిన్న దిండు పొట్టకి అదుముకుని మూడుసార్లు దగ్గాలి, ఆసుపత్రివాళ్లిచ్చిన మూడు బంతుల డబ్బా నోట్లో పెట్టుకుని గాలి పీల్చి బంతులు లేపాలి. మొదటి రోజు ఒక బంతి లేచింది. మర్నాటికి రెండు. మోకాలి మాత్రల డబ్బా ఆయన చేతికిచ్చి, నాకు కనబడని చోట కాదు, ఇంట్లోనే లేకుండా చెయ్యమన్నాను. మందుల షాపువాడికి తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

పగళ్లు తేలికపడ్డాయి. ఏడో రోజుకి భుజం పోటు పోయింది. గంటకి నాలుగు గుక్కల చొప్పున నీళ్లు, పల్చటి సూపు, కడుపు ఒప్పుకుంటోంది. రాత్రుళ్లు మాత్రం అవే అవస్థలు. సిరప్ నొప్పిని ఆపుతుంది గానీ జారేదాన్ని ఆపదు కదా. జారడం, లాగడం, మాస్కు బుస్సుమనడం, ఆయన కుర్చీలోంచి లేవడం.

ఎనిమిదో రోజు పొద్దున ఆయన గొంతు సవరించుకుని అన్నాడు. "ఎదురు వీధి ఫోమ్ షాపులో వాలుగా ఉండే దిండ్లు అమ్ముతున్నారు. ఒకటి తెచ్చి చూద్దామా?"

"ఏమన్నారు?"

"ఊరికే అన్నాను."

"ఇరవై రెండేళ్లు ఈ చేతులతో కుట్టి, ఇప్పుడు వాళ్ల ఫోమ్ ముక్క మీద పడుకోవాలా? ఆ మాట వాళ్లు బోర్డు మీద రాయించుకుంటారు. పది రోజుల్లో దిగుతుందండీ. కొత్తది కదా."

ఆయన ఇంకేం అనలేదు. అనకపోవడమే ఆయనతో వచ్చిన చిక్కు.

తొమ్మిదో రోజు పొద్దున ఆరింటికి సిరప్ పోయడానికొచ్చాడు. నేను మంచం మీద కూర్చుని చెయ్యి చాపాను. ఆయన సీసా వంచాడు. మూత నిండింది. ఆయన పోస్తూనే ఉన్నాడు. మూత పొంగి, వేళ్ల మీద నుంచి కారి, ఆయన కాళ్ల మీద పడుతోంది. తలెత్తి చూశాను. నిలబడే నిద్రపోతున్నాడు. కళ్ల కింద సంచులు నల్లబడి, గడ్డం మాసి, యాభై ఏళ్ల మనిషి డెబ్భై ఏళ్లవాడిలా ఉన్నాడు. ఆ చేతులే కదా వారంలో స్టీరింగ్ పట్టుకోవాల్సినవి. వెనక సీట్లలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. నాకు భయమేసింది. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయం వెయ్యలేదు.

"ఏమండీ" అన్నాను మెల్లగా. ఉలిక్కిపడి, నేల చూసి, "చెయ్యి జారింది" అన్నాడు. దారిలో నీళ్లు నిలిచాయని చెప్పినప్పటి గొంతే అది.

ఆయన డిపోకి వెళ్లాక, పదకొండింటికి దుకాణం తెరవగానే ఫోన్ చేసి దబ్బనం బాబాయిని పిలిచాను. సొంత బాబాయి కాదు. మా నాన్న దగ్గర పరుపులు కుట్టి, ఇప్పుడు నా దగ్గర కుడుతున్నాడు. మనిషీ సన్నం, మాటా గుచ్చుకుంటుంది, అందుకే ఆ పేరు. నాకు కుట్టు నేర్పింది ఆయనే. పది నిమిషాల్లో సంచీతో వచ్చాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఏం పాపా, మనిషివి దిగావు గానీ మొహం దిగులుగా ఉందేం?" అన్నాడు.

వాలుదిండు చూపించాను. పిడికిలితో ఒకసారి నొక్కాడు. తర్వాత మోకాలితో నొక్కాడు. "ఎవరి కోసం కుట్టావిది? ఇంట్లో ఏనుగేమైనా దిగుతోందా?"

"నా కోసమే. కొత్తది కదా బాబాయ్, పది రోజుల్లో దిగు..."

"ఆపు" అన్నాడు. "ఆ మాట ఎవరికి చెబుతున్నావ్? నీకు నేర్పిందెవరు?"



ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "కొనేవాడు దుకాణంలో నిలబడి, అరచేత్తో నొక్కి చూస్తాడు. నిలబడి నొక్కేవాడికి గట్టిదే మంచిదనిపిస్తుంది. అందుకని పావు వంతు ఎక్కువ కూరేవాడు మీ నాన్న. ఇంటికెళ్లి పడుకున్నాక గట్టిగా ఉందంటే ఆ మాట చెప్పేవాడు. పది రోజుల్లో పరుపేం దిగదు పాపా. మనిషే అలవాటు పడిపోతాడు. అది బేరం మాట, పరుపు మాట కాదు. నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. ఇరవై రెండేళ్లు ఎంత నమ్మకంగా చెప్పానో ఆ మాట. ఎంతమంది ఫోన్ పెట్టేసి, మర్నాడు నడుం పట్టుకుని పనికెళ్లారో. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. చెప్పేదీ వినేదీ నేనే అయితే ఇక లోకువకి అంతేముంది?

"ఆపరేషన్‌కి ముందు వాలి చూసుకున్నాను బాబాయ్. బాగానే ఉంది."

"అప్పుడు కోతల్లేవు. మొత్తం బరువు దాని మీద పారేశావు, అది అణిగింది. ఇప్పుడు భయం భయంగా ఆనుతున్నావు. అది అణగదు, నిన్నే తోస్తుంది. నడుం దగ్గర చూడు, ఎలా పొంగిందో. పొట్ట సాగక ఏం చేస్తుంది? అలవాటు పడే టైముందా నీకు?"

"లేదు" అన్నాను. "ఏడు రోజులే ఉంది." పరీక్ష సంగతి, కుర్చీ సంగతి, సిరప్ నేల మీద కారిన సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే కోత నొప్పెడుతుంది, అందుకని చిన్న దిండు పొట్టకి అదుముకుని ఏడ్చాను. బాబాయి సంచీలోంచి కత్తెర తీశాడు.

నన్ను బరువులెత్తొద్దన్నారు గానీ నోరెత్తొద్దనలేదు. కుర్చీలో కూర్చుని దగ్గరుండి చేయించాను. ఆయన పక్క కుట్టు విప్పాడు. దూది లాగుతుంటే వస్తూనే ఉంది, నేల మీద గుట్టయింది. విప్పిన దిండు మీదే నన్ను పడుకోబెట్టి, నడుం ఎక్కడ పడుతోందో, భుజాలెక్కడ ఆనుతున్నాయో సుద్దతో గీశాడు. నడుం గీత దగ్గర ఇంకో రెండు గుప్పిళ్లు తీశాడు. పొంగు పోయింది. మళ్లీ వాలాను.

"పొట్ట లాగుతోందా?"

"తక్కువగా."

"తక్కువగా అంటే లాగుతోందన్నమాట" అని ఇంకో గుప్పెడు తీశాడు.

ముప్పావు గంట అలా కొలుచుకుంటూ తీశాడు, నేను వాలుతూ లేస్తూ ఉన్నాను, పక్కకి ఒత్తిగిలి, కాళ్లు దింపి, మోచేతి మీద, ఒక్కసారి కూడా పద్ధతి తప్పకుండా. మధ్యలో పన్నెండయింది. సిరప్ తాగి బీరువా మీద గీత కొట్టాను. తీసిన దూదిలో కొంత తీసుకుని, గుడ్డ చుట్టి, మోకాళ్ల కింద పెట్టుకునే గుండ్రటి దిండు కుట్టాడు. మోకాళ్లు కాస్త లేస్తే పొట్ట వదులవుతుంది, మనిషి జారదు. వాలుదిండు వెనక రెండు గుడ్డ పట్టీలు కుట్టి మంచం తలవైపు కట్టేశాడు. ఇంత పనీ నాకు వచ్చు. వేరే ఎవరైనా ఆ నొప్పితో దుకాణానికొస్తే నేనే చెప్పేదాన్ని. తన దాకా వచ్చేసరికి పనితనం కన్నా పంతం ముందుంటుంది.

పని అయ్యాక బాబాయి సంచీ భుజాన వేసుకుని, మంచం పక్కనున్న కుర్చీ కూడా ఎత్తుకున్నాడు.

"అదెందుకు?"

"సీటు చిరిగింది, కుట్టి పంపిస్తా."

"ఎక్కడా చిరగలేదు."

"రెండు వారాలకి చిరుగుతుంది" అన్నాడు గుమ్మం దాటుతూ. "కుర్చీ ఉంటే కాపలా ఉంటుంది పాపా."

ఆ రాత్రి మా ఆయన గదిలోకొచ్చి కుర్చీ కోసం చూశాడు. ముందు గదిలోని స్టూలు తెద్దామని వెనక్కి తిరిగాడు.

"స్టూలు తెచ్చారంటే నేను ఈ మాస్కు తీసేస్తాను" అన్నాను. "ఇవాళ నుంచి అలారం నా తల దగ్గర. పన్నెండు గంటల సిరప్ నేనే పోసుకుంటాను. లేవడం నాకొచ్చు. మంచం మీద మీ వైపు మీరు పడుకోండి."

"ఊపిరి..."

"ఆగితే చెయ్యి దగ్గరే ఉంటుంది కదా. తట్టండి."

పడుకున్నాడు. రెండు వేళ్లు నా భుజం మీద ఆనించి పడుకున్నాడు. నేను జారలేదు. పొట్ట లాగలేదు. మాస్కులోంచి గాలి మెత్తగా వస్తూ పోతూ ఉంది. పన్నెండింటికి అలారం మోగగానే లేచి, మూతలో గీత దాకా సిరప్ పోసుకుని తాగి, నాలుగడుగులు నడిచి వచ్చి పడుకున్నాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. పదో రాత్రీ తెరిచే ఉన్నాయి. ఆరేళ్ల అలవాటు ఒక్క దిండుతో పోతుందా. పన్నెండో రాత్రి లేచి చూస్తే ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి జారి మంచం మీద పడి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

పదమూడో రోజు సిస్టర్ అర్ధరాత్రి మోతాదు ఇక మానెయ్యమంది. వాలుదిండు సంగతి మొత్తం చెప్పాను, ఈసారి గొప్పల్లేకుండా. ఆ సాయంత్రమే దుకాణం ఫోన్ ఇంటికి మళ్లింది. కొత్త పరుపు కొన్నాయన, రాయిలా ఉందండీ అన్నాడు. నా నాలుక చివరికి పాత మాట వచ్చేసింది. మింగేసి, "రేపు మా మనిషి వస్తాడు, మీరు దాని మీద పడుకోండి, ఎక్కడ ఎక్కువైందో చూసి అక్కడ తీస్తాడు" అన్నాను. దబ్బనం బాబాయి విని, ఇలాగైతే దుకాణం నడిచినట్టే అన్నాడు గానీ వెళ్లాడు.

పదహారో రోజు పొద్దున ఐదున్నరకి ఆయన అలారం మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన కదల్లేదు. ఆరేళ్లలో అలారం కన్నా ముందు లేవని రోజు నేను చూడలేదు. పక్కకి ఒత్తిగిలాను. కాళ్లు దింపాను. మోచేతి మీద లేచాను. మంచం చుట్టూ నడిచి ఆయన వైపు వెళ్లి, భుజం మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టాను.

దిగ్గున లేచి కూర్చున్నాడు. చెయ్యి నా దిండు వైపు చాపి, ఖాళీ పరుపు తడిమి, "ఆగిందా?" అన్నాడు.

"ఏమీ ఆగలేదు. ఇటు చూడండి, ఇక్కడున్నాను. పరీక్షకి టైమవుతోంది."

కాసేపటికి గానీ అర్థం కాలేదాయనకి. తర్వాత మొహం కడుక్కుని, గడ్డం గీసుకుని, యూనిఫాం వేసుకున్నాడు. "వస్తా" అన్నాడు గుమ్మంలో. నేను తలూపాను.

ఆ రోజు టైముకి సిరప్ తాగాను. పదకొండు అడుగులు పదిసార్లు నడిచాను. మూడు బంతులూ లేపాను. మధ్యాహ్నం కాసేపు పడుకుందామని వాలితే మాత్రం కునుకు పట్టలేదు, అది దిండు తప్పు కాదు. మధ్యాహ్నం దాటినా ఆయన రాలేదు, ఫోనూ లేదు. నేను చెయ్యలేదు. బస్సులు కడుగుతున్నాడేమో అనుకున్నాను. అలా అయితే ఏం చెప్పాలో కూడా మనసులో కూడబలుక్కున్నాను.

సాయంత్రం వీధి తలుపు చప్పుడైంది. లేచాను. పదకొండు అడుగులు నడిచాను. ఆయన చెప్పులు విడుస్తున్నాడు. మొహం చూడటానికి ధైర్యం చాలక ప్యాంటు వైపు చూశాను, అంచు దగ్గర నుంచి మోకాళ్ల దాకా.

పొడిగా ఉంది.